అన్నం మీద మొలిచిన అడవి

మొన్న కడపలో మా వీధి చివర కొత్తగా తెరిచిన పెద్ద దుకాణానికి కందిపప్పు కోసం వెళ్ళాను. చల్లటి గాజు అరలో, చిన్న ప్లాస్టిక్ డబ్బాలో నీలం పళ్ళు కనిపించాయి. శనగగింజకన్నా కాస్త పెద్దవి, పైన బూడిద అద్దినట్టు సన్నటి పొడి. డబ్బా ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తుంటే అక్కడ సరుకు సర్దుతున్న అమ్మాయి నవ్వింది. "ఆంటీ, అవి ఫారిన్ పళ్ళు. మన సైడు కాయవు" అంది. "నాకు తెల్దా పాపా? వీటిని నేను అడవిలో బోర్లా పండుకోని, చేతులు గూడా పెట్టకుండా, మేకపిల్ల మాదిరి మేసినా" అన్నాను. ఆ పిల్ల పక్క వరసలో ఉన్న ఇంకో పిల్లకు కన్ను గీటింది. నేను పప్పు తీసుకుని ఇంటికి వచ్చేశాను గానీ, వాసన మాత్రం నా వెంటే వచ్చింది. ఆ డబ్బాలో నిజానికి వాసనే లేదు. నా వెంట వచ్చింది వేరే వాసన. తడి నేల, బంక కారుతున్న చెట్టు, ఉప్పు లేని సముద్రం, మూడూ కలిసినది.

నా మాట నమ్మకపోవడం జనానికి అలవాటు, నమ్మించడం నాకు అలవాటు. మా మేక రాయచోటి బస్సెక్కి సంతకు పోయి, తనకు పలికిన ధర నచ్చక సాయంత్రం బస్సుకు తిరిగొచ్చిందని చెబితే ఊరంతా నమ్మింది. ఒకాయన ఆ మేకను చూడ్డానికి లక్కిరెడ్డిపల్లె నుంచి సైకిలు మీద వచ్చాడు. అదే నోటితో, ఉత్తరాన ఒక చిన్న దీవి ఉంది, అక్కడ ఎండాకాలంలో చీకటి పడదు, నేల ఏటేటా సముద్రంలోంచి పైకి లేస్తుంది అని చెబితే మా ఇంట్లోవాళ్ళే నమ్మరు. నిజానికి ఉన్న పెద్ద జబ్బు ఇదే. దాన్ని ఎంత బాగా ఉడికించినా పలుకు తగులుతుంది. ఆ సంగతి నాకు తెలిసింది కువైట్‌లో, ఇరాక్ సైన్యం వచ్చి కూర్చున్న ఎండాకాలంలో, ఒక ముసలామె అన్నం మానేసినప్పుడు.

నేను కువైట్‌లో దిగినప్పుడు నాకు పంతొమ్మిది. పాస్‌పోర్టులో ఏజెంటు వేయించిన వయసు చూస్తే మా అక్కకు నేను అక్కనైపోయాను. రుమైథియాలో ఒక ఇంట్లో పని. ఇంటాయనను బాబా అనేవాళ్ళం, ఇంటావిడను మామా అనేవాళ్ళం. బాబా తల్లి పెద్ద మామా. మా ఊరికి ఉత్తరం రాసినప్పుడు 'పెద్ద మామా నన్ను బాగా చూసుకుంటాంది' అంటే, మామ అయితే 'చూసుకుంటాంది' ఏమిటని మా నాయన కంగారుపడి ఎదురు ఉత్తరం రాశాడు. బాబాది కలప వ్యాపారం. చలిదేశాల నుంచి పలకలు ఓడల్లో వచ్చేవి, సబ్హాన్‌లో గోడౌను ఉండేది. మధ్యాహ్నం ఆయన ఇంటికి వస్తే తెల్లటి అంగీ నిండా రంపపు పొట్టు వాసన, బంక వాసన. ఇల్లంతా సాంబ్రాణి పొగ పట్టి ఉన్నా ఆ వాసన దాన్ని తోసుకుని ముందు గదిలోకి వచ్చేది. పెద్ద మామా కొడుకును దగ్గరకు పిలిచి భుజం మీద ముక్కు పెట్టి పీల్చి, "యల్లా, వచ్చావు కదా, ఇక అన్నం పెట్టించు" అనేది. ఆయన వచ్చేదాకా తినేది కాదు. ఆమెకు షుగరు. మాత్ర వేసుకుని తినకపోతే చేతులు వణుకుతాయి. అయినా అదే పద్ధతి.

ఆమె పద్ధతులు అన్నీ గట్టివే. పొద్దున్నే యాలకులు దంచి కాచిన పచ్చటి కాఫీ, ఒక్క ఖర్జూరం, చెవికి అంటించుకున్న చిన్న రేడియో. ఖర్జూరం గింజను కడిగి కిటికీ గట్టు మీద ఆరబెట్టేది, ఎందుకో ఎప్పుడూ చెప్పలేదు. అబద్ధం అంటే చెప్పు తీసేది. వంటింట్లో నన్ను చూడగానే "వచ్చింది చద్దాబా" అనేది. అంటే అబద్ధాలకోరు అని. నా అసలు పేరు రత్న అని ఆమెకు చివరిదాకా తెలియదనే నా అనుమానం. ఇక వంటింటికి రాణి ఓబులక్క. పులివెందుల పక్క మనిషి, నాకంటే రెండింతల వయసు, నా వాగుడికి ఆ ఇంట్లో ఉన్న ఒకే ఒక్క కళ్ళెం. ఖాళీ నెయ్యి డబ్బాలు పెరట్లో వరసగా పెట్టి కొత్తిమీర, పుదీనా పెంచేది. ఎండ మండే ఆ దేశంలో వాటికి పాత దుప్పటితో పందిరి కట్టి, పొద్దున ఒకసారి, సందేళ ఒకసారి కూర్చుని మాట్లాడించేది. ఆమె కొత్తిమీర తుంచాలంటే ఆమెను అడగాలి. బాబా కూడా అడిగేవాడు.

దీవి సంగతికి వస్తాను. అంతకు ముందు ఎండాకాలం బాబాకు కలప అమ్మే దొర ఒకాయన, స్వీడన్‌కు పై కొసన, తన దీవిలో ఉన్న కర్ర ఇంట్లో నెల రోజులు ఉండమని పిలిచాడు. పిల్లల్ని చూసుకోవడానికి నన్ను తీసుకుపోయారు. పడవ దిగి ఒడ్డు చూస్తే మొదట నాకు మన రాయచోటి గుట్టలే అనిపించింది. అంతా బండ, గుండ్రాళ్ళు. కానీ ఇక్కడి బండ ఎండకు పగులుతుంది, అక్కడి బండ పచ్చటి నాచు కప్పుకుని పడుకుంటుంది. అడుగు వేస్తే చీలమండ దాకా దిగిపోయి, కాలు తీయగానే నాచు మళ్ళీ లేచి ఏమీ ఎరగనట్టు ఉంటుంది. ఒడ్డు వెంట పొట్టి చెట్లు, వాటి వెనక తెల్లటి బెరడు చెట్లు, ఉల్లిపొర లాగా బెరడు ఊడొస్తుంది. ఇంకా లోపలికి పోతే సూదుల ఆకుల చెట్లు, నిటారుగా, ఎంత దగ్గరగా ఉన్నాయంటే మధ్యాహ్నం కూడా వాటి కింద నీడ చల్లబడి గడ్డకట్టినట్టు ఉంటుంది. బాబా అంగీ మీద ఉండే వాసన ఎక్కడ పుట్టిందో అక్కడ తెలిసింది. కొమ్మ విరిస్తే వేలికి బంక అంటి రెండు రోజులు వదలదు.

చీకటి పడదు అన్నాను. పొద్దు కిందికి దిగుతుంది, సముద్రాన్ని తాకుతుంది, ఏదో మర్చిపోయినట్టు మళ్ళీ పైకి వస్తుంది. పక్షులకు ఎప్పుడు నోరు మూయాలో తెలియదు. దోమలకు బాగా తెలుసు, అవి అసలు మూయవు. ఒకరోజు గుర్రమంత జింక, కొమ్ములు రెండు చేటల్లా పరుచుకున్నది, పక్క దీవి నుంచి తాపీగా ఈదుకుంటూ వచ్చి, ఒడ్డెక్కి, ఒళ్ళు విదిలించుకుని, మా పెరటిగుండా నడిచి అడవిలోకి పోయింది. ఆ నీళ్ళు నేను దోసిట్లో పట్టి తాగాను. సముద్రమే, కానీ ఉప్పు వేయడం మర్చిపోయిన పులుసులా ఉంది. అన్నిటికంటే వింత పడవల కొట్టం. దీవి మీద ఏడాది పొడుగునా ఉండే పక్కింటి ముసలామె చూపించింది. సముద్రానికి అంత దూరంలో, గడ్డి మైదానం మధ్యన, పడవలు పెట్టుకునే పాత కొట్టం. వాళ్ళ తాత కట్టినప్పుడు నీళ్ళు దాని గడప దగ్గర ఉండేవట. ఒకప్పుడు మంచు కొండలంత ఎత్తున ఆ నేల మీద కూర్చుందట. అది కరిగిపోయాక, అదిమిపెట్టిన దిండు లేచినట్టు, నేల ఇంకా లేస్తూనే ఉందట. మనిషి పుట్టి, ముసలివాడై, పోయేలోపు నడుము లోతు నీళ్ళున్న చోట నేల తేలుతుందట. అందుకని ప్రతి తరమూ కొట్టాన్ని సముద్రం వైపు జరిపి కట్టుకుంటుంది. ఆమె చెప్పినదాన్ని బాబా నాకు అరబ్బీలో చెప్పాడు. 'నేనే గొప్ప అనుకున్నాను, ఈమె నన్ను మించింది' అనుకున్నాను. ఆ తర్వాత అడవి మధ్యలో, ఒడ్డున ఉండాల్సిన గులకరాళ్ళు పొలమంత మేర పరుచుకుని ఉండడం చూసి నోరు మూసుకున్నాను.

నీలం పళ్ళ దగ్గర మాత్రం పరువు పోయింది. నేను చిన్నప్పుడు కట్టెలకు, కలేకాయలకు అడవికి పోయినదాన్ని. ఫారెస్టు గార్డు విజిల్ వినిపిస్తే మోపు పారేసి పరుగెత్తడం మాకు నడక నేర్చుకున్నప్పుడే నేర్పుతారు. ఆ అలవాటుతో పళ్ళన్నీ పావడా ఒడిలో పోసుకుని, పైన చున్నీ కప్పుకుని వస్తుంటే పక్కింటి ముసలామె కేక వేసింది. అంతే, లగెత్తాను. నాచు మీద జారి, ఒడిలో పళ్ళ మీదే పడ్డాను. లేచేసరికి నడుము నుంచి మోకాళ్ళ దాకా ఎర్రటి నీలం. ముసలామె రక్తం అనుకుని ఏడుస్తూ వచ్చింది. తర్వాత తెలిసింది, ఆ దేశంలో అడవి పళ్ళు ఎవరైనా కోసుకోవచ్చట, ఎవరి అడవి అయినా సరే. ఆమె కేక వేసింది బుట్ట ఇద్దామని.

ఇంత చూసినదాన్ని, మరుసటి ఎండాకాలం నన్ను ఎందుకు తీసుకుపోలేదంటే, నా నోరే కారణం. అడవిలో ఉన్న పెద్ద గుండ్రాళ్ళు నిజానికి పడుకున్న ఒంటెలని, పిల్లలు నిద్రపోని ఇంటి వైపు అవి మెల్లగా జరుగుతాయని చెప్పాను. చీకటే పడని చోట పిల్లలు ఎప్పుడు నిద్రపోవాలి? కిటికీ దగ్గర కూర్చుని రాళ్ళను కాపలా కాశారు. మామా ఈసారి శ్రీలంక అమ్మాయిని తీసుకుపోయింది. పెద్ద మామా ఎలాగూ కదలదు. "నేను సముద్రం పక్కన పుట్టాను, సముద్రం చూడ్డానికి విమానం ఎక్కను" అనేది. ఆమెను చూసుకోవడానికి ఓబులక్క, నేను ఉండిపోయాం.

ఆగస్టు మొదట్లో ఒక పొద్దున రేడియో మాట మారింది. వీధి చివర ట్యాంకు వచ్చి నిలబడింది, బేకరీ మూతపడింది, బయటి దేశాల ఫోను లైన్లు తెగిపోయాయి. పెద్ద మామా ఫోను ఎత్తి చెవికి పెట్టుకుని, అందులో ఏమీ వినపడకపోతే, విరిగిన బొమ్మను చూసినట్టు దాన్ని చూసి పెట్టేసింది. ఆ రోజు అన్నం ముందు కూర్చుని, "వాడు తిన్నాడో లేదో తెలియదు. నేను తినను" అంది. మరునాడూ అదే మాట. కాఫీ, ఒక ఖర్జూరం, ఖలాస్. మొదట చేతులు వణికాయి, తర్వాత మాట వణికింది. డాక్టరు దేశం వదిలిపోయాడు. ఓబులక్క వంటింట్లో నన్ను గోడకు నొక్కి పెట్టి చెప్పింది.

"మేయ్ రత్నా, ఈ ముసలామె ఇట్లనే పడుకుంటే పానం పోతాది. మన చేతుల్లో పోతాది. ఇంతకాలం నీ నోటితో ఎంతమందిని ముంచినావో లెక్కల్యా. ఇప్పుడు ఒకర్ని తేల్చు. ఆ దీవి చూసినదానివి ఈ ఇంట్లో నువ్వొక్కదానివే."

పోయి మంచం పక్కన కూర్చున్నాను. నా అరబ్బీ వంటింటి అరబ్బీ. కడుగు, తుడువు, ఉల్లిగడ్డ, ఉప్పు, తొందరగా. అడవి అనే మాట నాకు రాదు. "మామా, అక్కడ ఇంటికి పైకప్పు ఉన్నట్టు ఊరికి చెట్ల పైకప్పు" అన్నాను. నాచును కార్పెట్ అన్నాను. మంచును ఫ్రీజరు గోడకు పట్టేది అన్నాను. ఆమె కళ్ళు మూసుకునే, "వాడు అక్కడ ఏం తింటాడు?" అంది. "చేప. పొగ పట్టిన చేప." ఒక కన్ను తెరుచుకుంది. "అక్కడికి ట్యాంకులు వస్తాయా?" "రావు మామా. చుట్టూ నీళ్ళు. పడవలో పోవాలి, వంతెన లేదు." ఆమె రెండు చెంచాల గంజి తాగింది. ఓబులక్క తలుపు చాటు నుంచి నాకు దండం పెట్టింది. నా జన్మలో ఆమె నాకు దండం పెట్టింది ఆ ఒక్కసారే.

మరునాడు ప్రశ్న మారింది. "వంతెన లేదన్నావు. మరి నా కొడుకు ఎట్లా వస్తాడు?" నేను నిజం చెప్పాను. చలికాలంలో ఆ సముద్రం గడ్డకట్టి రాయి అవుతుందట, దాని మీద కార్లు, లారీలు పోతాయట, పక్కింటి ముసలామె చెప్పింది. పెద్ద మామా చెంచా విసిరింది. "చద్దాబా! సముద్రం మీద లారీనా?" జింక ఈదిన సంగతి చెప్పాను, గ్లాసు వచ్చింది. నేల లేస్తుంది, తాత కట్టిన పడవల కొట్టాన్ని మనవడు జరుపుకుంటాడు అన్నాను. "లేచి ఏం చేస్తుంది, ఆవలిస్తుందా?" అని గోడ వైపు తిరిగి పడుకుంది. ఆ రోజు గంజి కూడా లేదు. ఓబులక్క తల పట్టుకుంది. "నిజం నీ నోట్లో ఇమడదు మే. అది అట్లుంచి, తినేటట్టు చెప్పు" అంది.

అప్పుడు నాకు నా వృత్తి గుర్తొచ్చింది. ఆ పూట అన్నం పెద్ద పళ్ళెంలో పోయించాను. వాళ్ళింట్లో నలుగురు చుట్టూ కూర్చుని ఒకే పళ్ళెంలో తింటారు, తిరగలి అంత వెడల్పు ఉంటుంది అది. అన్నాన్ని మధ్యలో గుట్టగా ఎత్తి దీవి చేశాను. చుట్టూ మజ్జిగ పోసి సముద్రం చేశాను. ఉడకబెట్టిన నల్ల శనగలు గుండ్రాళ్ళు. ఇక అడవి కావాలి. పెరట్లోకి పోయి, ఓబులక్కను అడక్కుండా, నెయ్యి డబ్బా మొత్తం కోసేశాను. "నా కొత్తిమీర! ఓ రాక్షసీ! దుకాణాల్లో ఆకు దొరక్క నేను ఒక్కో రెమ్మ దాచిపెట్టుకుంటాంటే!" అని ఆమె అరుస్తూ నా వెంట ముందు గదిలోకి వచ్చి, పళ్ళెం చూసి, అరుపు ఆపింది. కొత్తిమీర కాడలు అన్నంలో నిటారుగా గుచ్చి ఉన్నాయి. వాటి నడుమ ఒక ఖర్జూరం, ఇల్లు. దాని ముందు దానిమ్మ గింజలు, పిల్లలు. ఓబులక్క నడుము మీద చేతులు పెట్టుకుని కాసేపు చూసి, "ఆ పక్క చెట్లు పలచగా ఉండాయి" అని, పెరట్లోకి పోయి పుదీనా కోసుకొచ్చింది.

పెద్ద మామా లేచి కూర్చుంది. చాలా సేపు చూసింది. "వీడు ఇక్కడా?" అని ఖర్జూరం చూపించింది. "అవును మామా." "ఇక్కడి నుంచి ఇంటికి దారేది?" నేను ఆలోచించలేదు. ఎండు రొట్టె పొడుగ్గా చీల్చి, దీవి మీద నుంచి పళ్ళెం అంచు దాకా పరిచాను. "వంతెన మామా. కొత్తగా కట్టారు." మొన్న లేదన్న నోటితోనే ఉందన్నాను. ఆమె చెప్పు తీయలేదు. వంతెన వైపు చూస్తూ, అన్నం ముట్టకుండా కూర్చుంది. మెతుకైనా నోట్లో పడలేదు. ఎక్కడ తప్పు జరిగిందో నాకు అర్థం కాలేదు.

అప్పుడే గేటు చప్పుడైంది. ఇద్దరు ఇరాకీ సైనికులు లోపలికి వచ్చారు. ఇళ్ళు వెతుకుతూ వస్తున్నారని తెలుసు, మా వంతు ఆ మధ్యాహ్నం పడింది. ఒకడు తలుపు దగ్గర నిలబడ్డాడు. రెండోవాడు, మీసాల్లో తెల్లవెంట్రుకలు ఉన్న ఆయన, గదులన్నీ తిరిగి వచ్చి మా ముందు ఆగాడు. చెంపలు లోపలికి పోయి ఉన్నాయి. అన్నం వైపు ఆకలిగా చూసినవాడల్లా, సరిగ్గా చూసి, కనుబొమలు ముడిచాడు.

"ఇదేంటి?"

"దీవి" అన్నాను, ఆలోచించకుండా.

"ఏ దీవి?"

"ఉత్తరాన ఉంది."

ఆ మాట అనకూడదని అన్నాక తెలిసింది. కువైట్‌కు ఉత్తరాన, ఇరాక్ అంచున బూబియాన్ అనే దీవి ఉంది. ఉప్పు బురద తప్ప ఏమీ లేని దీవి. దాని కోసం రెండు దేశాలు ఎప్పటినుంచో కీచులాడుకుంటున్నాయి. దాన్ని ఒడ్డుతో కలుపుతూ ఒక వంతెన ఉంది. ఆయన తుపాకీ గొట్టం తెచ్చి నా రొట్టె ముక్క పక్కన ఆనించాడు.

"ఉత్తరాన దీవి. వంతెన. బూబియాన్! ఎవరికి దారి చూపిస్తున్నారు మీరు?"

నాకు నోరు ఎండిపోయింది. ఎప్పుడూ ఎండని నోరు. ఓబులక్క వంటింటి గడపలో గట్టిగా కళ్ళు మూసుకుని వెంకన్నను పిలుస్తోంది. అప్పుడు ఒక చప్పుడు వినిపించింది. పెద్ద మామా నవ్వుతోంది. ఎన్నో రోజుల తర్వాత ఆ ఇంట్లో వినపడిన నవ్వు.

"బూబియాన్‌లో ఇన్ని చెట్లా? నీ కళ్ళు ఎక్కడ పెట్టుకుని వచ్చావు నాయనా?" అంది. "ఇది నా కొడుకు ఉన్న దీవి. చూడు, ఇవి సూదుల ఆకుల చెట్లు. వాడి బట్టలకు వీటి వాసనే. ఇది రాతి మీద పరిచిన పచ్చ తివాచీ. ఈ నీళ్ళు తియ్యన, జింకలు ఈదుతాయి. చలికాలంలో ఈ సముద్రం మీద లారీలు పోతాయి. నేల ఏటేటా పైకి లేస్తుంది."

నేను ఆమెనే చూస్తూ ఉండిపోయాను. చెంచా విసిరించుకున్న మాట, గ్లాసు విసిరించుకున్న మాట, ఒక్కటీ వదల్లేదు.

సైనికుడు తుపాకీ కాస్త పక్కకు తీశాడు. "నేల లేస్తే చేపలు పట్టేవాళ్ళు ఏం చేస్తారు?" అన్నాడు. ఆ ప్రశ్న పోలీసు ప్రశ్నలా లేదు.

"తాత కట్టిన పడవల కొట్టాన్ని మనవడు సముద్రం వైపు జరుపుకుంటాడు. మరి ఏం చేస్తాడు?"

"మా వైపు దీవులు మేమే కడతాం హజ్జియా" అన్నాడు ఆయన, వాళ్ళలో పెద్దావిడను పిలిచే మర్యాదతో, నెమ్మదిగా. "బస్రా పైన, చిత్తడిలో. రెల్లు కోసి, పరిచి, తొక్కి, దాని మీద ఇల్లు. అది కుంగుతూ ఉంటుంది, మేము ఏటా పైన వేస్తూ ఉంటాం. మీవాళ్ళది లేస్తుందా?" ఒక్క క్షణం ఆయన మొహం సడలింది. మళ్ళీ బిగిసింది. "మరి ఈ వంతెన?"

పెద్ద మామా రొట్టె ముక్క మీద చెయ్యి పెట్టింది. నా వైపు ఒక్కసారి చూసింది.

"వంతెన లేదు" అంది. "ఈ పిల్ల చద్దాబా. నేను దిగులుపడుతున్నానని పెట్టింది. వంతెన ఉంటే నా కొడుకు వస్తాడు, కానీ మీరూ పోతారు. ఆ దీవికి ఎవరూ పోవద్దు. వాడూ రావద్దు. అక్కడే ఉండి తినమను." వంతెనను ఎత్తి రెండుగా విరిచి, ఒక సగం ఆయనకు చాపింది. "ఆకలితో ఉన్నావు. తిను."

ఆయన రొట్టె అందుకున్నాడు గానీ నోట పెట్టుకోలేదు. "ఇంటి పెద్ద తినకుండా నేను తినను హజ్జియా" అన్నాడు. వాళ్ళలో అది మర్యాద. విషం భయం కూడా ఉందేమో, నేను కాదనను. మర్యాదా భయమూ ఒకే సంచిలో ఉండే రోజులవి. కానీ పెద్ద మామాకు అదేమీ పట్టలేదు. ఇంట్లోకి వచ్చిన మనిషి, ఎవడైనా కానీ, తన వల్ల ఆకలితో కూర్చున్నాడు. అంతకంటే సిగ్గు ఆమె వంశంలో లేదు. రెండో సగం మజ్జిగ సముద్రంలో ముంచి నోట్లో పెట్టుకుంది. నమిలింది. మింగింది. కుడిచేత్తో దీవి ఒడ్డున ఇంత అన్నం, ఇంత అడవి తీసి ముద్ద చేసి తింది. ఆయన తుపాకీ గోడకు ఆనించి కూర్చున్నాడు. తలుపు దగ్గర ఉన్నవాణ్ణి కూడా పిలిచింది. నలుగురూ తినే పళ్ళెంలో ముగ్గురు కూర్చుని ఆ దీవిని ఉత్తరం నుంచి దక్షిణానికి తింటూ పోయారు. గుండ్రాళ్ళు పోయాయి, తెల్ల బెరడు చెట్లు పోయాయి. ఖర్జూరం ఇల్లు, దానిమ్మ పిల్లలు ఉన్న చోటికి ఎవరైనా చెయ్యి చాపితే పెద్ద మామా మణికట్టు మీద కొట్టింది. ఆ మేర మాత్రం మిగిలింది.

పోతూ పోతూ వాళ్ళు గోడ గడియారం తీసుకుపోయారు. ఊరికే పోయారని అబద్ధం చెప్పను. పెద్ద మామా ఖాళీ గోడను చూసి, "రాత్రి లేని దీవికి గడియారం ఎందుకులే" అని, మాత్రలు తెమ్మంది. ఆ సాయంత్రం నుంచి అన్నం ఆపలేదు. ఓబులక్క డబ్బాలో మిగిలిన కొత్తిమీర మోళ్ళకు నీళ్ళు పోస్తూ నాతో, "దీవికి వంతెన ఎవురు పెట్టమన్నారు మే నిన్ను? పీకలమీదికి తెచ్చినావు" అని తిట్టింది. తిడుతూనే నా పళ్ళెంలో రెండు కూరలు వేసింది. కొన్నాళ్ళకు పెద్ద మామాను ఆమె అన్న కొడుకులు కారులో సౌదీకి దాటించారు. పోయేముందు బాబా బీరువా తాళం మా చేత రోకలితో పగలగొట్టించి, మా పాస్‌పోర్టులు మా చేతిలో పెట్టింది. మేము లారీల్లో, బస్సుల్లో బాగ్దాద్ మీదుగా జోర్డాన్ చేరి, ఇంటి దారి పట్టాం. ఆ దారి సంగతులు చెప్పమంటే ఒక వారం కూర్చోవాలి, అందులో రెండు రోజులు నిజం ఉంటుంది.

ఇప్పుడు ఏ ఊరు కావాలన్నా ఫోనులో వేలు పెడితే పైనుంచి కనిపిస్తుంది. మా అబ్బాయి ఆ దీవిని నాకు చూపించాడు. నీళ్ళల్లో ముదురాకుపచ్చ మచ్చ, అంచున రాళ్ళు. వేళ్ళతో పెద్దది చేశాడు, చిన్నది చేశాడు, ఇదిగో మ్మా నీ దీవి అన్నాడు. అన్నీ ఉన్నాయి. వాసన లేదు, దోమ లేదు, అడవి మధ్యలో కాలు దిగబడే నాచు లేదు. కొడుకు క్షేమమని అరక్షణంలో మెసేజీ వస్తుంది, తల్లి టీవీ చూస్తూ అది చదివి పక్కన పెడుతుంది. ఇది మంచిదే. ఆ రోజుల్లోకి మళ్ళీ పొమ్మంటే నేను పోను, ఎవర్నీ పంపను. కానీ ఒక మనిషిని బతికించడానికి అరబ్బీలో పాతిక మాటలు, గుప్పెడు కొత్తిమీర సరిపోయిన కాలం నేను చూశాను. ఈ ఫోను చేతిలో పెట్టి పెద్ద మామా ముందు కూర్చోబెడితే ఆమె చూసేది, నమ్మేది, అన్నం మాత్రం తినేది కాదు. ఆ విషయంలో నాకు అనుమానమే లేదు.

యుద్ధం ముగిసి రెండేళ్ళకు నేను మళ్ళీ అదే ఇంటికి పనికి వెళ్ళాను. గోడకు కొత్త గడియారం, పెరట్లో ఓబులక్క కొత్త డబ్బాలు. ఎండాకాలం రాగానే బాబా తల్లి పక్కన కూర్చుని బతిమాలాడు. ఈసారి నువ్వూ రావాలమ్మా, నేను అన్నాళ్ళు ఎక్కడ ఉన్నానో చూద్దువుగాని, టికెట్టు తీస్తాను, కుర్చీలో కూర్చోబెట్టి పడవ ఎక్కిస్తాను అన్నాడు. పెద్ద మామా కొడుకు భుజం మీద ముక్కు ఆనించి, తీరిగ్గా వాసన పీల్చి, "నాకెందుకు నాయనా" అంది. "అందులో చాలా మటుకు నేను తినేశాను. మిగిలింది నువ్వు చూసుకో."